ఆ గొంతులో ఆయన పేరు

పోయిన వారం మీరు నన్ను పూతలపట్టు క్రాసులో తిరుపతి బస్సు మెట్టు మీద వదిలేసి పోయినారు. ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు రోడ్డు మీద, సంకలో బ్యాగు. కండక్టరేమో "ఎక్కతావా దిగతావా తల్లీ, ఎండకు బస్సు కాలిపోతా ఉండాది" అని అరస్తా ఉండాడు. ఎక్కినాను. ఎక్కకుండా ఉంటానా? ఆ బ్యాగులో ఏముండాదో మీకు తెలుసు గదా. ఆ రేడియో ఆమె మా ఇంటాయనకు రాసిన కార్డు, మా రేడియో వీపు విప్పి నేను పెరికేసిన మూడు సెల్లు.

కొత్తగా సదివేవాళ్లకు రెండు ముక్కల్లో సెప్పేస్తా, పాతోళ్లు ఓపిక పట్టండి. నా పేరు పంకజాక్షి. మాది పూతలపట్టు పక్కన పల్లె. మాకు అరవై మామిడి సెట్లు ఉండాయి, అన్నీ బెంగళూరా కాయే. మా ఇంటాయన మాటలు తక్కువ మనిషి. పొద్దన్నే లేసి వాన కొలిసే డబ్బా సూసుకుంటాడు, గోడకు తగిలించిన థర్మామీటరు సూసుకుంటాడు, వారానికొక కార్డు తిరుపతి రేడియో స్టేషనుకు రాస్తాడు. ఆడ రాజశ్రీ అని ఒకామె వాతావరణం సదువుతాది. ఎండెంత, వానెప్పుడు, ఉరుములు యాడ, అంతా ఆమె సెప్తేనే మా ఆయనకు నమ్మకం. ఆమె అంతటితో ఊరుకుంటే బాగుండును. "పూతలపట్టు నుంచి బాలచంద్ర గారు రాశారు" అని మా ఆయన పేరు పట్టుకోని, దానికి గారు తగిలించి, జిల్లా అంతా వినేట్టు పలకతాది.

నాకు పెండ్లయి పదకొండేండ్లు. ఆ పేరు నా నోట్లో నుంచి ఒక్కసారి కూడా బయటికి రాలేదు. మొగుని పేరు పలికితే ఆయన ఆయుస్సు తగ్గతాదని మాయమ్మ సెప్పింది, మాయమ్మకు వాళ్లమ్మ సెప్పింది. ఓటర్ల లిస్టు వాళ్లొచ్చి మీ ఆయన పేరేందమ్మా అంటే మా పల్లవిని పిలస్తా. పల్లవి మా కూతురు, తొమ్మిదేండ్లు. అది ఇంట్లో లేకుంటే బొగ్గు తీసుకోని గోడ మీద రాసి సూపిస్తా. రాస్తే తప్పులేదు, నోటితో అంటేనే తప్పు. అందుకే మీకిప్పుడు ధైర్యంగా రాస్తా ఉండా. పదకొండేండ్లు నేను దాసిపెట్టుకున్న పేరును ఆమె ఫ్యాను కింద కూసోని జిల్లాకంతా పంచిపెడతా ఉంటే, మీకైతే కడుపు మండదా?

ఆయన సొక్కా ఉతకతా ఉంటే జేబులో ఆ కార్డు దొరికింది. "మీ ఉత్తరం అందింది. చదివి చాలా సంతోషించాను. శనివారం ఫోన్ చేస్తాను. త్వరలో కలుద్దాం. రాజశ్రీ." సదివి సదివి నాకు కంఠతా వచ్చేసింది. ఆ శనివారం వచ్చింది. పొద్దన ఆరుంముక్కాలకు ఆయన రేడియో తిప్పినాడు. అది కిక్కురుమనలేదు. రెండుసార్లు తట్టినాడు, సెవి దగ్గిర పెట్టుకోని ఊపినాడు. "సెల్లు అయిపోయినట్టుండాయి మే" అని తువ్వాలు బుజాన వేసుకోని తోటకు పోయినాడు. వీపు విప్పి సూడాలని కూడా తోసలేదు ఆ మనిషికి. నేను తల దించుకోని కాఫీ కలపతానే ఉండా.

ఇంక బస్సులోకి రండి.

నడి వేసవి, కత్తిరి ఎండలు. సీటు మీద సెయ్యి పెడితే సుర్రుమంటా ఉండాది. కిటికీలో నుంచి వచ్చే గాలి పొయ్యి ముందర కూసున్నట్టే ఉండాది. పాకాల దాటినాక పడమటి కొండ మీద తెల్లగా మబ్బు పేరుకోని కనబడింది. మామూలుగా అయితే అట్లాంటి మబ్బు సూస్తే నేను నిలబడిపోతా. గాలి ఎటుపక్కదో సూస్తా, మట్టి వాసన వస్తాదేమో అని ముక్కు ఎగబీలస్తా. నాకు సిన్నప్పటినుంచీ వాన ముందే తెలస్తాది, అది నా గొప్ప కాదు, మా తాతకూ అట్లనే ఉండింది. కానీ ఆ పొద్దు నా ముక్కు నిండా కోపమే. మబ్బును సూసీ సూడనట్టు తల తిప్పుకోని, ఆమెను ఏమని అడగాల్నో అదే అనుకుంటా పోయినా. "ఏమ్మా, నీకు ఇంకొకరి మొగుడే దొరికినాడా?" ఇది శానా మొరటుగా ఉండాది. "ఏమ్మా, నీకు సంసారం లేదా?" ఇది కొంచెం నయం. చంద్రగిరి వచ్చేసరికి పదారు రకాలుగా అడిగేసినాను, అన్నిసార్లూ ఆమె ఏడిసింది.

తిరుపతిలో దిగి ఆటో ఎక్కి రేడియో స్టేషను కాడికి పోయేసరికి పదకొండున్నర. ముందర ఒక నోటు బుక్కు, దాని ముందర ఒక ముసలాయన, దామోదరం అని సొక్కా మీద పేరు. "పేరు, ఊరు, భర్త పేరు రాయండమ్మా" అన్నాడు. రాసినా. ఆయన కండ్లద్దాలు పైకి తోసుకోని సదివినాడు. సదివి మొహమంతా నవ్వు సేసుకున్నాడు.

"ఓహో! బాలచంద్ర గారి భార్యా! పూతలపట్టు బాలచంద్ర గారు! ముందే చెప్పొద్దా తల్లీ, ఎండలో నిలబెట్టేశాను. కూర్చో, మంచినీళ్లు తాగు."

సూసినారా? వాకిలి కాడ కూసునే ముసలాయనకు కూడా ఆ పేరు తెలుసు. ఎంత సులభంగా అన్నాడో, ఏదో పక్కింటాయన పేరు మాదిరి. మంచినీళ్లు తాగి లేసినా.

లోపల వరండాలో పైన గోడకు ఒక స్పీకరు పెట్టినారు. స్టేషనులో ఏం మాట్లాడినా దాంట్లో వస్తా ఉంటాది. ఆ సివర రూములో ఒకామె టిఫిన్ డబ్బా తెరిసి పెరుగన్నం తింటా ఉండాది. నాకంటే రెండేండ్లు అటూ ఇటూ. నల్లగా, నా మాదిరే పొట్టిగా. మెడ నిండా సెమటకాయలకు పూసిన పౌడరు. సెప్పు తెగిపోయుంటే పిన్నీసు పెట్టుకోని ఉండాది. ఈమెను అడిగి రాజశ్రీ రూము యాడుండాదో కనుక్కుందామని "ఏమ్మా, రాజశ్రీ అంటే ఎవరు?" అన్నాను.

"నేనేనండి" అనింది.

ఆ గొంతే. పెరుగన్నం నోట్లో పెట్టుకోని కూడా ఆ గొంతు అట్లనే ఉండాది. నేను ఆమెను ఎర్రగా బుర్రగా, జడనిండా పూలతో ఊహించుకున్నా. అట్లా ఉండుంటే పోట్లాడేదానికి బాగుండును. ఈమెను సూస్తే ఏమనేది? నా మొగుడు అందం సూసి పోలేదు. అయితే ఇంకేం సూసి పోయినాడు? ఆ ఆలోచన వచ్చేసరికి ముందుకంటే ఎక్కువ మండింది నాకు.

"నేను పూతలపట్టు నుంచి వచ్చినా" అన్నాను.

ఆమె సెయ్యి కడుక్కోకుండానే లేసి నిలబడింది. "పంకజాక్షి గారా? మీరు పంకజాక్షి గారే కదూ? రండి రండి, కూర్చోండి! మిమ్మల్ని చూడాలని ఎన్నాళ్ల నుంచో అనుకుంటున్నాను."

నా పేరు ఈమెకు ఎట్ల తెలుసు? మా ఇంటాయన పదకొండేండ్లలో నన్ను పేరు పెట్టి పిలిసింది లేదు. "మే" అంటాడు, "ఇదో" అంటాడు, అవసరమైతే "పల్లవీ, మీయమ్మను పిలు" అంటాడు. అట్లాంటిది నా పేరు కూడా తీసుకొచ్చి ఈమె సేతిలో పెట్టినాడు.

"నా పేరు మీకెవురు సెప్పినారు?"

"మీ వారే. ప్రతి కార్డులో మీ గురించే కదా రాస్తారు."

నేను ఎట్లెట్లో మొదలుపెట్టాలనుకున్న మాటలన్నీ యాడికి పోయినాయో పోయినాయి. ఆమె బీరువా తెరిసి ఒక ఫైలు తీసింది. అట్ట మీద గుండ్రంగా ఆయన పేరు రాసుండాది, దాని కింద ఊరు. లోపల కార్డులు తేదీల వారీగా దారంతో కుట్టి పెట్టింది. నా పెండ్లి పటం కూడా అంత భద్రంగా పెట్టుకోలేదు నేను. పటానికి ఒకపక్క సెదలు పట్టినాయి.

"చూడండి" అని ఒక కార్డు నా ముందర పెట్టింది. ఆయన రాతే. అక్షరాలు సీమల వరస మాదిరి.

"వాన లేదు. ఎండ నలభై ఒకటి. సందకాడ మా పంకజాక్షి పెరట్లో నిలబడి, గాలి బిగపట్టింది, రేపు మద్దేనం దాటినాక ఉరిమి వాన పడతాది అని సెప్పింది. నా డబ్బా ఏమీ సెప్పలేదు."

దాని కింద మరుసటి వారం కార్డు. "వాన పడింది. పద్దెనిమిది మిల్లీమీటర్లు. మూడున్నరకు మొదలైంది. ఆమెకుండే తెలివి నా డబ్బాకు లేదు."

ఇంకొకటి. "మా పంకజాక్షికి వడదెబ్బ తగిలింది. మూడు దినాలు పైకి లేవలేదు. నాకు యాడా కాలు నిలవలేదు. ఈ వారం లెక్కలు సరిగా రాసుకోలేదు, మన్నించండి."

సదివినా. మళ్లీ సదివినా. ఆ మూడు దినాలు నాకు బాగా గుర్తుండాయి. ఆయన వాకిట్లో కూసోని దోటి కర్రకు సిక్కం కట్టుకుంటా ఉండినాడు. కాయలు కోసే ఆ వలసంచి కట్టేదానికి పావుగంట సాలు, ఆయన మూడు దినాలు కట్టినాడు. "ఎట్లుండాది మే?" అని కూడా గడప దాటి లోపలికొచ్చి అడగలేదు. నేను మంచం మీద పడుకోని, ఈ మనిషికి నా మీద ఇంత కూడా లేదు గదా అని ఏడ్సినాను. కాలు నిలవలేదంట! నాకు సెప్పడానికి ఏం రోగం? పది అడుగుల దూరంలో పడుకోని ఉండా నేను. నాకు సెప్పాల్సిన మాట కార్డు ముక్క మీద రాసి, ముద్ర వేయించుకోని, యాభై అరవై కిలోమీటర్లు పంపించి ఈమెకు సెప్తాడా?

"ఆయన ఇంట్లో ఇట్లా మాట్లాడడు" అన్నాను.

"మగవాళ్లు చాలామంది అంతేనండి" అనింది ఆమె, నవ్వతా.

ఆ నవ్వు సూసేసరికి నాకు మళ్లీ పట్టు దొరికింది. "అయితే ఒక మాట అడగతా. ఉరుములు ఎప్పుడొస్తాయో సెప్పింది నేను. నువ్వు రేడియోలో సదివింది ఎవరి పేరు? పూతలపట్టు నుంచి ఎవరో గారు రాశారు అని సదివినావు గదా. నా ముక్కు, ఆయన పేరు, నీ గొంతు. మద్దెలో నేను యాడికి పోయినా?"

ఆమె నవ్వు ఆగిపోయింది. "నేను మీ పేరే చదువుతానన్నానండి. ఆయనే వద్దని రాశారు. ఇదిగో చూడండి. 'మా ఇంటామె పేరు పదిమందిలో పలకొద్దు.'"

"నా పేరు పదిమందిలో వద్దు. ఆయన పేరు మాత్రం నీ నోట్లో వారం వారం తిరగాల. అంతేనా?"

ఆమె నా పక్క సూసింది. అప్పటికి గానీ నేనెందుకు వచ్చినానో అర్థం కాలేదు పాపం ఆమెకు. వాతావరణం సదివేవాళ్లకు మనిషి మొహంలో మబ్బు కనబడేదానికి ఇంతసేపు పడతాది మరి. కుర్చీ వెనక్కి జరుపుకోని కూసునింది.

"మీరు అనుకుంటున్నది కాదండి. ఆయన్ని నేను ఒక్కసారి కూడా చూడలేదు. నల్లగా ఉంటారో తెల్లగా ఉంటారో కూడా నాకు తెలీదు."

నేను బ్యాగులో నుంచి ఆమె కార్డు తీసి ఫైలు మీద పెట్టినా. "సూడకపోతే ఇదేంది? త్వరలో కలుద్దాం అంటే ఏంది? ఏం రాసినాడు ఆయన నీకు, అంత సంతోషం పడేదానికి?"

ఆమె కార్డు తీసుకునింది, తిప్పి సూసింది, మళ్లీ పెట్టింది.

"ఆయన మీకు చెప్పలేదా?"

"ఏం సెప్పలేదు?"

ఆమె ఫైలు మూసేసింది. మూసి దాని మీద రెండు సేతులూ పెట్టింది, నేనేదో గుంజుకుంటానని భయం మాదిరి. "అది ఆయన చెప్పాలండి. నేను చెబితే బాగుండదు. ఆయన మీకు స్వయంగా చెబుతానని రాశారు."

ఆ పొద్దు నాకొచ్చిన కోపం మా ఊర్లో ఎవరికీ వచ్చుండదు. నా మొగునికీ ఆమెకూ మద్దెన నాకు తెలీని సంగతి ఒకటి ఉండాది. అది ఏ సంగతైనా కానీ. మంచిదైనా సెడ్డదైనా. ఈమెకు తెలిసి నాకు తెలీదు. సొంత సంసారం గడప బయట నిలబడి, లోపల ఏం జరగతా ఉండాదో పరాయి మనిషిని అడగాల్సొచ్చింది నాకు.

"నువ్వు సెప్పేదాకా నేను ఈడనుంచి కదల్ను" అన్నాను.

"కూర్చోండి, నేను పొమ్మనడంలేదు" అని ఆమె గోడ మీద గడియారం సూసింది. "పన్నెండు ముప్పైకి నేను లోపలికి వెళ్లాలి, మళ్లీ హెచ్చరిక చదవాలి. మీ వాళ్లు పొద్దున్నే మొదలుపెట్టారా, కాయ దింపడం?"

"ఏ కాయ?"

"మీ తోట. పొద్దున ఆరుంముక్కాలకు చెప్పాను కదండీ. పడమటి మండలాలకు ఈ సాయంత్రం నాలుగు లోపల ఉరుములు, ఈదురుగాలులు. మామూలు గాలి కాదు, కొమ్మలు విరిగే గాలి. గురువారం నేను సోమవారం దాకా పొడిగా ఉంటుందన్నాను. అది మారిపోయింది. అందుకే పొద్దున రెండుసార్లు చదివాను, మామిడి రైతులు వెంటనే కాయ దింపుకోండి అని. మీ వారు వినే ఉంటారు."

నా ఒంట్లో సెమట అంతా ఒక్కసారిగా సల్లబడింది.

గురువారం ఈమె సెప్పిన మాట పట్టుకోనే ఆయన మునస్వామికి సోమవారం రమ్మని సెప్పినాడు. మునస్వామి కాయ కోసేవాళ్ల మేస్త్రి, ఎనిమిది మంది మనుషులు. ఇప్పుడు మా పక్క తోటలోనే బేనీషా మామిడి కోస్తా ఉండారు. ఒక్క కేక వేస్తే మా తోటలోకి వస్తారు. కానీ కేక ఎవరు వేస్తారు? ఎందుకు వేస్తారు? రేడియో పలకలేదు గదా. పలక్కుండా సేసింది ఎవరు? నాలుగు గంటలకు ఆ గాలి వస్తే అరవై సెట్ల కాయ నేల మీద ఉంటాది. రాలి పగిలిన బెంగళూరాను గుజ్జు తీసే ఫ్యాక్టరీ వాడు కూడా ముట్టడు. ఏడాది పొడుగునా నీళ్లు మోసి, మందు కొట్టి, పూత కాడనుంచి కాపాడుకున్న కాయ.

ఆ మబ్బు. పాకాల కాడ కొండ మీద తెల్లగా పేరుకోని ఉండిన మబ్బు. సూసినా గదా నేను! కండ్లారా సూసి తల తిప్పుకున్నా గదా!

బ్యాగు ఒళ్లో నుంచి జారింది. మూడు సెల్లు గచ్చు మీద దొర్లుకుంటా పోయి ఆమె పిన్నీసు సెప్పు కాడ ఆగినాయి. ఆమె ఒంగి ఒకటి తీసుకునింది. ఎర్ర సెల్లు, కొత్తది. దాన్ని సూసింది, నన్ను సూసింది.

"ఇవి..." అనింది.

"మా రేడియోవే" అన్నాను. "నీ గొంతు వినపడకూడదని."

నన్ను తిట్టుంటే బాగుండును. ఆ మహాతల్లి సెల్లు బల్ల మీద పెట్టి, ఫోను దగ్గిరికి లాక్కోని, డయలు తిప్పడం మొదలుపెట్టింది.

"ఎవరికి?"

"మీ క్రాసులో ఎస్టీడీ బూత్. చిన్నబ్బ గారిది."

నంబరు యాడా సూసుకోలేదు. డైరీ తెరవలేదు. గబగబా తిప్పేసింది, కంఠతా. మా ఊరి క్రాసులో బూతు నంబరు నాకు తెలీదు. ఇంత సావు ముంచుకొస్తా ఉన్నా నేను దాన్ని కూడా సూసి గుండెలో ఒక మూల పెట్టుకున్నా, సూడండి నా బుద్ధి.

మూడోసారికి లైను దొరికింది. అప్పుడే ఎవరో తలుపు తోసి "మేడమ్, టైమైంది" అన్నారు. ఆమె రిసీవరు నా సేతిలో పెట్టింది. "రింగవుతోంది. మీరే చెప్పండి. ఇంకా మూడు గంటలుంది, మనుషులు దొరికితే కొన్ని చెట్లయినా దింపొచ్చు. వేరే మాటలు వద్దు, ముందు గాలి సంగతి చెప్పండి." అని పరిగెత్తింది.

రూములో నేనొక్కదాన్నే. సెవిలో గరగర.

"హలో! ఎవరు?" చిన్నబ్బ గొంతు.

"నేను తిరుపతి నుంచి. రేడియో స్టేషను నుంచి. మా ఆయనను పిలువప్పా, తొందరగా."

"ఎవరమ్మా? సరిగా వినబడలేదు. ఎవరు కావాల?"

"మా ఆయన. పల్లవి వాళ్ల నాయన."

"పల్లవా? ఈడ పల్లవి ఎవరూ లేరమ్మా. ఈడ పదిమంది నిలబడుండారు, ఎవరిని పిలిసేది నేను? మనిషి పేరు సెప్పు. గాలికి లైను కోసుకపోతా ఉండాది."

గాలికి అన్నాడు. అప్పుడే.

"మామిడి తోట... వాన డబ్బా సూస్తాడే, ఆయన..."

"పేరు సెప్పు తల్లీ, పేరు!"

మాయమ్మ మొహం కనబడింది నాకు. నోటితో అనొద్దు బిడ్డా, ఆయుస్సు తగ్గతాది. అంటే ఆయుస్సు తగ్గతాది, అనకుంటే తోట పోతాది. గోడ మీద రాసేదానికి బొగ్గు లేదు. పిలిసేదానికి కూతురు పక్కన లేదు. తాళిబొట్టు గట్టిగా పట్టుకున్నాను, కండ్లు మూసుకున్నాను. "సామీ, తప్పు నాది, లెక్క నా ఆయుస్సులో రాసుకో" అనుకున్నాను.

"బాలచంద్ర" అన్నాను. "బాలచంద్ర గారు."

గారు యాడనుంచి వచ్చిందో నాకు తెలీదు. ఆ పేరు నేను విన్నదంతా ఆమె నోట్లోనే, ఆమె అన్నట్టే వచ్చేసింది.

"ఆయనా! అట్ల సెప్పు! పదింటి నుంచి ఈడనే కూసోనుండాడు" అన్నాడు చిన్నబ్బ. అటు తిరిగి అరిసినాడు. "అప్పా, నీకే! రేడియో స్టేషను నుంచి. ఆడమనిషి, పేరు పెట్టి అడగతా ఉండాది."

సెప్పుల సప్పుడు. రిసీవరు సేతులు మారిన సప్పుడు. అంతలోనే తలుపు బయట వరండా స్పీకరు పలికింది. ఆ గొంతు. "చిత్తూరు జిల్లా పడమటి మండలాల రైతులకు ముఖ్య హెచ్చరిక..."

"హలో" అన్నాడు మా ఇంటాయన. ఆయన గొంతులో అంత ఉత్సాహం నేనెప్పుడూ వినలేదు. "రాజశ్రీ గారా? మీ ఫోను కోసమే పొద్దున్నుంచి సూస్తా ఉండానండీ. మా రేడియో కూడా సెడిపోయింది."

నా నోరు తెరుసుకోనే ఉండాది. గాలి. మునస్వామి. కాయ దింపు. మూడు మాటలు. నాలిక మీదనే ఉండాయి.

"ఆ సంగతి మా ఇంటామెకు ఇంకా సెప్పలేదండీ" అన్నాడు ఆయన. "ఎట్ల సెప్పాల్నో తెలీలేదు. మీకైతే సెప్పగలను."

బయట స్పీకరు "పూతలపట్టు, పాకాల, ఐరాల..." అని ఊర్లు సదువుతా ఉండాది. ఆ సప్పుడు ఫోన్లో పోతే ఆయనకు తెలిసిపోతాది, ఆమె లోపల సదువుతా ఉండాదని, ఈడ ఉండేది ఆమె కాదని. నేను కొంగు గుంజి ఫోను నోటికి అడ్డంగా సుట్టినాను. పొద్దన సెల్లు పెరికిన ఈ సేతితోనే. ఆ గొంతును ఆయన సెవిన పడకుండా మూసినాను, ఒకే పొద్దులో రెండోసారి.

మూసి, ఆమె మాదిరి మెత్తగా, ఒక్కొక్క అక్షరం విడమరిసి, "చెప్పండి బాలచంద్ర గారూ" అన్నాను.

అటుపక్క యాడో రేకు ఎగిరి దబ్బున పడింది. ఎవరో కేక పెట్టినారు.

"గాలి లేస్తా ఉండాదండీ" అన్నాడు మా ఆయన. "తొందరగా సెప్పేస్తా, వినండి."